జంగారెడ్డిగూడెం నుంచి రెండొందల పదకొండు మంది

అంతర్వేది పల్లిపాలెం,
నవంబరు 9

అక్కకి, రత్నం రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం, అమ్మ మోకాలు ఒక్కటే మాట వినట్లేదు. ఫోను ఉండగా ఈ ఉత్తరమేంటని నవ్వుకుంటావు. మా ఇంట్లో ఫోను ఒక్కటే, అదీ మా మరిది సురేష్‌బాబు చేతిలోనే ఉంటుంది. నీకు మెసేజ్ పెడితే ముందు వాడు చదువుతాడు, తర్వాత వాళ్ళన్నయ్యకి చదివి వినిపిస్తాడు. పోనీ మాట్లాడదామా అంటే మనిద్దరం మూడో నిమిషానికి పోట్లాటలోకి దిగుతాం. నువ్వు నర్సాపురం హాస్టల్లో ఉన్నప్పుడు ఉత్తరాలు రాసుకునేవాళ్ళం కదా, అలాగే రాస్తున్నాను. నెత్తళ్ళ పొట్లంలో పెట్టి బస్సుకి వేస్తున్నాను. కాగితం నీచు వాసన వస్తే తిట్టకు, అది మనింటి వాసనే.

సంగతేంటంటే, ఈ ఏడు వేట బాగోలేదు. మా ఆయన చంద్రరావుగారి బోటు మీద వారం రోజులు ఉండి వస్తే, తెచ్చిన వాటా వారం రోజులు కూడా ఉండట్లేదు. నేనూ అమ్మా ఎండబెట్టిన చేపలు బేరగాళ్ళు అడిగిన ధరకి ఇవ్వలేక తట్టల్లోనే ఉంచేశాం. సురేష్‌బాబు ఆన్‌లైన్లో అమ్ముదామంటున్నాడు. సైటు వాడే పెడతాడట. కాకపోతే జనం ఏ మాటలు కొట్టి వెతుకుతున్నారో ముందు తెలియాలట. ఆ మాట పట్టుకుంటేనే వాళ్ళు మన గుమ్మంలోకి వస్తారట.

అలాంటివి చూడాలంటే చదువుకున్నవాళ్ళు కావాలి. నాకు తెలిసిన చదువుకున్న మనిషివి నువ్వొక్కదానివే. పైగా ఇంటర్నెట్ సెంటరు పెట్టుకుని రోజంతా కంప్యూటర్ల మధ్యనే కూర్చుంటావు. కాస్త చూసి పెట్టవే.

నీ చెల్లెలు,
నూకరత్నం

*

జంగారెడ్డిగూడెం,
నవంబరు 24

రత్నానికి,

నెత్తళ్ళు అందాయి. ఉప్పు ఎక్కువైంది. అమ్మ చెయ్యి కాదనుకుంటాను.

నువ్వడిగినదాన్ని కీవర్డ్ రీసెర్చ్ అంటారు. నీకు అర్థమయ్యేలా చెప్తాను, జాగ్రత్తగా చదువు. నా దగ్గర ఒక పేజీ ఉంది. అందులో ఒక మాట కొడితే, ఆ మాటని నెలకి ఎంతమంది వెతుకుతున్నారో, ఆ మాట మీద ఎంతమంది అమ్మకందార్లు కాచుకుని ఉన్నారో రెండూ చూపిస్తుంది. వెతికేవాళ్ళు ఎక్కువుండాలి, అమ్మేవాళ్ళు తక్కువుండాలి. అలాంటి చిన్న మూల దొరికితే అక్కడ కూర్చోవాలి. ఉత్త 'చేపలు' అని పెట్టుకుంటే పెద్ద పెద్ద కంపెనీల కాళ్ళ కింద పడతావు.

నీ కోసం రెండు ఆదివారాలు కూర్చున్నాను. ముప్పై మాటలు వేరే కాగితం మీద రాసి పెట్టాను. 'ఎండుచేపలు ఆన్‌లైన్', 'ఎండు రొయ్యలు కిలో ధర', 'గోదావరి ఎండుచేపలు', ఇలాంటివి. ఇంకా చాలా చూశాను గానీ నీకు పనికొచ్చేవి ఇవే. అర్థం కాకపోతే సురేష్‌బాబుని అడుగు.

నేను కూడా ఎప్పటి నుంచో ఇలాంటిదేదో మొదలుపెడదామనుకుంటున్నాను. ఆధార్ కార్డులు జిరాక్స్ తీయడానికా నేను డిగ్రీ చదివింది. మీ బావగారు పామాయిల్ గెలల తూకం దగ్గర్నుంచి ఇంటికొచ్చేసరికి పొద్దుపోతుంది, వీరదుర్గ చదువొకటి, ఇంక నాకు తీరికెక్కడిది. చెయ్యగలిగినవాళ్ళకి కుదరదు, కుదిరినవాళ్ళకి తెలియదు. లోకం తీరే అంత.

నాగదుర్గ

*

అంతర్వేది పల్లిపాలెం,
డిసెంబరు 30

అక్కా,

ఉప్పు వేసింది అమ్మే. నువ్వు రాసింది చదివి వినిపిస్తే రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నీ ముప్పై మాటలూ సురేష్‌బాబు ఒక్కొక్కటే వేసి చూశాడు. ప్రతి మాట దగ్గరా అప్పటికే ఇరవై బోట్లున్నాయి. విశాఖపట్నం వాళ్ళు, చెన్నై వాళ్ళు, వాళ్ళ ఫోటోలు, వాళ్ళ డబ్బాలు. మన పేరు నాలుగో పేజీలో ఎక్కడో అడుగున ఉంది. నీ కష్టం వృథా పోయిందని చెప్పడానికి నోరు రాలేదు, అందుకే ఇన్నాళ్ళు రాయలేదు.

అప్పుడు నాన్న గుర్తొచ్చాడు. నలుగురూ వల వేసే చోటికి నాన్న పోయేవాడు కాదు. తెల్లారగట్ల బోటు ముందు నిలబడి పిట్టలు ఎక్కడ నీళ్ళ మీదకి దిగుతున్నాయో చూసి అటు తిప్పమనేవాడు. జనం ఎటు దిగుతున్నారో నేనూ చూద్దామనుకున్నాను. సురేష్‌బాబు నిద్రపోతుంటే ఫోను తీసి 'ఎండు సొర' అని కొట్టి ఆగాను. ఇంకేమీ కొట్టలేదు. మాట కొట్టే ఆ డబ్బా కిందే తనంతట తాను నాలుగు మాటలు చూపించింది. 'ఎండు సొర బాలింతకి.' 'బాలింతకి పాలు పడాలంటే ఏ చేప.' 'బాలింత పథ్యం చేపలు.' నాలుగోది గుర్తు లేదు.

పొద్దున్నే సురేష్‌బాబు చేత నువ్వు చెప్పిన లాంటి పేజీలో చూపించుకున్నాను. నెలకి ఆరు వేల మంది వెతుకుతున్నారు. అమ్మేవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకళ్ళు కొట్టు మూసేశారు.

అక్కా, నీకు వీరదుర్గ పుట్టినప్పుడు అమ్మ నెల రోజులు సొర పొడే కదా పెట్టింది. నువ్వు వద్దంటే ముక్కు మూసి పెట్టింది. మనింట్లోనే ఉన్న మాట ఇది. అన్ని మాటలు చూసిన నీ కంట ఇదెలా పడలేదో.

ఎండు సొర పొడి, ఏరిన చిన్న నెత్తళ్ళు, అమ్మ దంచిన వెల్లుల్లి మిరియాల కారం, మూడూ కలిపి ఒక పొట్లం చేస్తున్నాం. అమ్మ పేరే పెట్టాం, 'పాపాయి బాలింత పొట్లం' అని. చేప ఎక్కడ పడింది బుల్లియ్యా అని ఎవరడిగినా నాన్న 'నీళ్ళల్లో' అనేవాడు, గుర్తుందా. బాబాయికి మాత్రం చెప్పేవాడు. తోడబుట్టినవాడి దగ్గర తావు దాస్తే వల చిరుగుతుందనేవాడు. అందుకే ముందు నీకే రాస్తున్నాను.

రత్నం

*

జంగారెడ్డిగూడెం,
జనవరి 18

రత్నానికి,

మంచిదే. కానీ మరీ ఎగిరిపడకు.

వెతికేవాళ్ళందరూ కొనేవాళ్ళు కాదు. ఇది నేను ముందే రాసి ఉండాల్సింది. బాలింతకి ఏం పెట్టాలో వాళ్ళమ్మలు చెప్తారు గానీ సైట్లు చెప్పవు. మెట్ట వాళ్ళకి సొర అంటేనే తెలియదు. పైగా ఏ డాక్టరో వద్దంటే నీ పొట్లం పట్టుకుని ఎవరు తిరుగుతారు. ఆరు వేలు అని చూడగానే ఆరు వేల పొట్లాలు కట్టకు.

నా కంట ఎలా పడలేదని అడిగావు. అన్నీ అందరి కంటా పడవు.

ఇక్కడ స్కాలర్‌షిప్ ఫారాల పని మీద పడింది. తరచూ రాయలేను.

నాగదుర్గ

*

అంతర్వేది పల్లిపాలెం,
మార్చి 6

అక్కా,

నువ్వన్నది నిజమైంది. బాలింతకి ఏం పెట్టాలో వాళ్ళమ్మలే చెప్తారు. ఆర్డర్లు పెడుతున్నది కూడా ఆ అమ్మలే. కూతురు బెంగుళూరులో, కూతురు పూనాలో, ఈవిడ తణుకులోనో కాకినాడలోనో కూర్చుని 'నా బిడ్డకి పంపండమ్మా' అంటుంది. ఒకావిడ ఫోను చేసి ఏడ్చేసింది. నేను వెళ్ళలేకపోయాను, నీ పొట్లమైనా వెళ్ళింది అంది.

వాకబు చేసుకుంటూ వచ్చేవాళ్ళు కాక, ఫిబ్రవరిలోనే మూడొందల పొట్లాలు కట్టాం. పేటలో తొమ్మిది మంది ఆడవాళ్ళు మా వాకిట్లో కూర్చుని చేపలు ఏరుతున్నారు. అమ్మ మంచం మీద నుంచే అందరినీ అజమాయిషీ చేస్తోంది. మోకాలు నొప్పి మాటే లేదు.

మొన్న రాజోలు నుంచి యూట్యూబ్ వాళ్ళొచ్చారు. నన్ను ఆకుపచ్చ చీర కట్టుకోమని, చేపలారేసే చోట నిలబెట్టి ఏవేవో అడిగారు. లింకు నీకు పంపమని సురేష్‌బాబుకి చెప్పాను. చూసి ఎలా ఉన్నానో రాయి. బావగారికి చూపించు.

రత్నం

*

జంగారెడ్డిగూడెం,
మార్చి 15

రత్నానికి,

చూశాను. చీర బాగుంది.

'ఈ మాటలు వెతకడం మీకెవరు నేర్పారమ్మా' అని ఆ అమ్మాయి మైకు పెట్టి అడిగింది. నువ్వు 'సముద్రమే నేర్పిందండి' అన్నావు. వెనకాల సంగీతం కూడా వేశారు. బాగుంది. సముద్రం డిగ్రీ ఏ కాలేజీలో చదివిందో, రెండు ఆదివారాలు నీ కోసం ఎక్కడ కూర్చుని కళ్ళు కాయలు కాయించుకుందో అది కూడా అడిగుండాల్సింది.

అమ్మ ఫోను చేసి పావుగంట 'మా చిన్నది', 'మా చిన్నది' అంది. ఒకప్పుడు ఆవిడ నోట్లో 'మా పెద్దది' తప్ప ఇంకో మాట ఉండేది కాదు. నాకు కుళ్ళు అనుకోకు. ఉన్నమాట రాశాను. కుళ్ళు పడటానికి నాకేం తక్కువ.

నాగదుర్గ

*

అంతర్వేది పల్లిపాలెం,
ఏప్రిల్ 20

అక్కా,

వీడియో సంగతి ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం, కాగితం మీద వద్దు. ఆ రోజు త్వరలోనే వస్తుంది. ఎందుకో చెప్తాను.

పదిహేనో తారీకు నుంచి వేట బంద్. రెండు నెలలు బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. మా ఆయన ఇంట్లో కూర్చుని వలలు బాగుచేసుకుంటూ నా లెక్కలన్నీ వింటున్నాడు. సైటుని ఏ ఊరి నుంచి ఎంతమంది చూశారో సురేష్‌బాబు నెలనెలా చదివి చెప్తాడు. మార్చి నెలది చదివాడు. హైదరాబాదు మొదట. అది మామూలే. తర్వాత ఏ ఊరనుకున్నావు. మీ జంగారెడ్డిగూడెం. రెండొందల పదకొండు మంది. రాజమండ్రిలో కూడా అంతమంది లేరు.

ఇంకో విచిత్రం, ఆ రెండొందల పదకొండు మందిలో ఒక్కరూ కొనలేదు. వస్తారు, పొట్లం ఫోటో చూస్తారు, కొన్నవాళ్ళు ఏం రాశారో మొత్తం చదువుతారు, వెళ్ళిపోతారు. సురేష్‌బాబు దండగ ఊరన్నాడు. వాడికేం తెలుసు. నేను తట్ట పెట్టుకుని చేపలమ్మినదాన్ని. మొప్ప ఎత్తి చూడకుండా ఎవరూ చేప కొనరు. ఇష్టం లేనివాడు ఒకసారి చూసి పోతాడు. మళ్ళీ మళ్ళీ వచ్చి చూసి పోయేవాడికి మనసుంది, నమ్మకం చాలట్లేదు. మీ మెట్ట వాళ్ళు సొర ఎప్పుడూ తినలేదని నువ్వే రాశావు. వాళ్ళకి చేత్తో ముట్టుకుని వాసన చూసి కొనే కొట్టు కావాలి.

అందుకని అక్కడే కొట్టు పెడదామనుకుంటున్నాం. అందరం వచ్చేస్తాం. మా ఆయన కొట్టులో కూర్చుంటాడు, సరుకు అమ్మా పేటవాళ్ళూ ఇక్కడి నుంచి పంపుతారు. బస్టాండు దగ్గర ఏదైనా ఖాళీ ఉందేమో చూడు. నీ ఊళ్ళో, నీ పక్కనే ఉంటానంటే నాకిప్పుడే నిద్ర పట్టట్లేదు.

రత్నం

*

జంగారెడ్డిగూడెం,
మే 10

రత్నానికి,

నువ్వడిగావు కాబట్టి చూశాను. బస్టాండు ఎదురు సందులో ఎరువుల కొట్టు పక్కన ఒకటి ఖాళీగా ఉంది. షట్టరు కొత్తది, పైన రెండు గదులున్నాయి. యజమాని మర్యాదస్తుడు. జూన్ పదిహేను నుంచి ఇస్తానన్నాడు. నంబరు కింద రాశాను.

ఆ రెండొందల పదకొండు మంది సంగతి నాకేం తెలుస్తుంది. ఈ ఊరి జనం మనసులో ఏముందో ఎవరు చెప్పగలరు. నువ్వు లెక్కలు చూసుకుని చేస్తున్నావు, నీకే బాగా తెలియాలి. వద్దని నేనంటే కుళ్ళుతో అన్నానంటావు. అందుకని ఏమీ అనను.

నాగదుర్గ

*

అంతర్వేది పల్లిపాలెం,
జూన్ 3

అక్కా,

కొట్టు యజమానితో మాట్లాడాం. సరేనన్నాడు. పన్నెండో తారీకున మా ఆయన వచ్చి తాళం తీసుకుంటాడు.

పద్నాలుగుతో బంద్ అయిపోతుంది, పదిహేనున బోట్లు దిగుతాయి. చంద్రరావుగారు కబురు పెట్టారు. 'పన్నెండులోపు వస్తానో రానో చెప్పమను, గంగాధర్ రాకపోతే ఆ చోటు ఇంకొకడికి ఇచ్చేస్తాను, మళ్ళీ ఏడాది దాకా అడగొద్దు' అన్నారట. మా ఆయన పదమూడేళ్ళ నుంచి ఆ బోటు మీద ఉన్నాడు. నిన్న పొద్దున ఒక్కడే వెళ్ళి ఖాళీ బోటు మీద కాసేపు కూర్చుని వచ్చాడు. 'నువ్వు చూసిన లెక్క నిజమేనా' అని ఒక్కసారే అడిగాడు. నిజమే అన్నాను. 'అయితే సరే' అన్నాడు.

పిల్లల టీసీలు తీసేసుకున్నాం. మీ వీరదుర్గ బడిలోనే వేద్దాం. నా కూతుళ్ళిద్దరూ ఒక ఊళ్ళో ఉంటారని అమ్మ పేటంతా చెప్పుకుంటోంది.

మే నెల లెక్క కూడా వచ్చింది. జంగారెడ్డిగూడెం నుంచి రెండొందల నలభై. పెరుగుతున్నారు. వాళ్ళలో నీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటారు కదా. నీ సెంటరుకి వచ్చే ఆడవాళ్ళని మెల్లిగా కదిపి చూడు. ఏం చూసి ఆగిపోతున్నారో తెలిస్తే, కొట్టు తెరిచే రోజుకి అది సరిచేసుకుంటాను.

రత్నం

*

జంగారెడ్డిగూడెం,
జూన్ 9

రత్నం,

కొట్టు తీసుకోకు. గంగాధర్‌ని బోటెక్కమను. ముందు ఆ పని చేసి, తర్వాత కూర్చుని మిగతాది చదువు.

ఆ రెండొందల పదకొండు మందీ నేనే.

రెండింటికి షట్టరు సగం దించి అన్నం తినడానికి కూర్చుంటాను. పక్కనే కంప్యూటరు. నీ సైటు తెరుస్తాను. మీ బావగారికీ, వీరదుర్గకీ తెలియకూడదని మామూలుగా తెరవను. చూసిన గుర్తు మిగలని నల్ల కిటికీ ఒకటుంటుంది, అందులో తెరుస్తాను. అందులో మూసి మళ్ళీ తెరిచినప్పుడల్లా నీ సైటు లెక్కలో నేను కొత్త మనిషిని. రోజుకి ఏడుసార్లు, ఎనిమిదిసార్లు. ఒక్కోసారి చెయ్యి కడుక్కోకుండానే. పది మందిలో కలిసి తప్పించుకుందామని దాక్కుంటే, ఆ దాక్కోవడమే నన్ను రెండొందల మందిని చేసింది.

ఏం చూస్తానని అడిగావు. బాగోలేదని ఎవరైనా రాశారేమో చూస్తాను. ఏలూరాయన ఒకడు పొట్లం చిరిగి వచ్చిందని రాశాడు. ఆ రోజు అన్నం రుచిగా ఉంది. నాలుగు రోజుల తర్వాత నువ్వు కొత్త పొట్లం పంపావనీ, మంచివాళ్ళనీ అతనే మళ్ళీ రాశాడు. దానికి నాకు జ్వరం వచ్చినంత పనైంది. ఇవన్నీ రాస్తుంటే సిగ్గేస్తోంది. అయినా రాస్తాను, సగం దాస్తే నువ్వు సగమే నమ్ముతావు.

ఏప్రిల్లో నీ ఉత్తరం చదవగానే, ఆ జనం ఎవరో ఆ నిమిషంలోనే తెలిసింది. అప్పుడే చెప్పొచ్చు. చెప్పకపోగా చెప్పులేసుకుని వెళ్ళి నీకు కొట్టు చూసి పెట్టాను. మూడు నెలలు నడిపి, మూసేసి నువ్వు తిరిగి వెళ్తే అమ్మ మళ్ళీ 'మా పెద్దది చెప్పినట్టు వినుంటే' అంటుందని. ఆ మాట కోసం. మొన్న నీ ఉత్తరంలో గంగాధర్ ఖాళీ బోటు మీద కూర్చున్నాడని చదివాను. ఇక్కడ వీరదుర్గ, పిన్ని పిల్లలొస్తున్నారని తన పుస్తకాలన్నీ ఒక అరలోకి సర్ది, రెండో అర ఖాళీ చేసి పెట్టింది. ఆ ఖాళీ అర ముందు నిలబడలేకపోయాను.

ఇంకొకటి కూడా ఉంది. బాలింత పథ్యం అన్న మాట నేను నవంబరులోనే చూశాను. రెండో ఆదివారం. ఆరు వేల మంది, ఇద్దరు అమ్మకందార్లు. ముప్పై ఒకటో మాటగా రాసి కొట్టేశాను. మొదట నేనే మొదలుపెడదామని దాచుకున్నాను. మొదలుపెట్టలేదు, పెట్టనని కూడా తెలుసు. తర్వాత నీకు దొరక్కపోతే చాలనిపించింది. నువ్వు తావు అడిగితే, తోడబుట్టినదానితో 'నీళ్ళల్లో' అన్నాను. నువ్వు నీ తావు దొరకగానే ముందు నాకే రాశావు.

నిన్నటి నుంచి మూడుసార్లు ఫోను చేశాను. రెండుసార్లు సురేష్‌బాబు ఎత్తాడు, ఎలా ఉన్నావని అడిగి పెట్టేశాను. మూడోసారి నువ్వే ఎత్తావు. వానలు పడుతున్నాయా అని అడిగి పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం రేపు మొదటి బస్సులో మీ బావగారి చేతికిచ్చి పంపుతున్నాను. ఏం రాశావని అడిగారు. చదువుకోమన్నాను. చదివి, రేపటికి సెలవు చెప్పి వచ్చారు.

ఇక నీ సైటు జన్మలో తెరవను. ఒట్టు.

అక్క

*

అంతర్వేది పల్లిపాలెం,
జూన్ 24

అక్కా,

బావగారు పదో తారీకు మధ్యాహ్నం సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు దిగి, ఎండలో వచ్చారు. ఉత్తరం ఇచ్చి మంచినీళ్ళు కూడా అడగకుండా అరుగు మీద కూర్చున్నారు. తప్పు ఆయన చేసినట్టు తలొంచుకున్నారు. అన్నం పెడితే తినలేదు. అది నాకు నీ మీద ఇంకా కోపం తెప్పించింది.

మొదటి ముక్క చదివి మా ఆయన్ని చంద్రరావుగారి ఇంటికి తరిమాను. చోటు ఉంది. పదిహేనో తారీకు తెల్లారగట్ల బోటెక్కాడు, వెళ్ళేటప్పుడు ఈల కూడా వేశాడు. నేను లెక్క తప్పు చూశానని చెప్పాను. 'పోన్లే' అన్నాడు. ఆ టీసీలు మళ్ళీ తీసుకోమని బడికి వెళ్తే హెడ్‌మాస్టరుగారు నలుగురిలో చీవాట్లు పెట్టారు. అవి నీ బదులు నేను తిన్నాను. అమ్మకి మాత్రం కొట్టు యజమాని మాట మార్చాడని చెప్పాను. నీ పరువు కోసం కాదు, ఆవిడ మోకాలి కోసం.

నీ ఉత్తరం చించేశాను. మర్నాడు ముక్కలేరుకుని అతికించి మళ్ళీ చదివాను. రెండు వారాలు రాయకపోవడానికి కారణం అదే. ఇప్పటికీ కోపం పోలేదు. రెండొందల మంది సంగతి ఎలాగో మింగుతాను. ముప్పై ఒకటో మాట మింగుడు పడట్లేదు. 'నీ కంట ఎలా పడలేదో' అని ఎంత అమాయకంగా రాశాను. ఆ ముక్క చదువుతున్నప్పుడు నీ మొహం ఎలా ఉందో చూడాలని ఉంది.

అయితే నువ్వంతా రాశావు కాబట్టి నేనూ ఒకటి రాయాలి. వీడియోలో ఆ అమ్మాయి అడిగినప్పుడు నీ పేరు నా నోటి దాకా వచ్చింది. కావాలనే మింగేశాను. ఇద్దర్ని చదివించలేనని నాన్న నిన్ను హాస్టల్లో వేశాడు, నేను పదోక్లాసులో ఆగి అమ్మతో చేపల దగ్గర కూర్చున్నాను. నువ్వు సెలవులకి వస్తే చందువా చేప నడి ముక్క నీ కంచంలో పడేది, తోక నా కంచంలో. పదేళ్ళు ఊళ్ళో నా పేరు నాగదుర్గ చెల్లెలు. ఒక్కసారి, ఒక్క వీడియోలో, నీ పేరు లేకుండా నా పేరు ఉండాలనిపించింది. కుళ్ళు నీ ఒక్కదాని సొత్తనుకోకు. మనిద్దరికీ ఒకే ఇంట్లో పోశారు పాలు.

అసలు నేను రాయడానికి కూర్చున్నది ఇందుకు కాదు. నిన్న సురేష్‌బాబు జూన్ లెక్క చూపించాడు. పదో తారీకు నుంచి జంగారెడ్డిగూడెం ఎదురుగా సున్నా. 'వదినా, ఆ ఊరు అయిపోయింది' అన్నాడు. మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు. ఎందుకో నాకే అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. జంగారెడ్డిగూడెం వాళ్ళు చూసి కొనకుండా వెళ్ళిపోతున్నారు, ఏం నచ్చలేదోనని పొట్లం ఫోటో నాలుగుసార్లు మార్చాను. చిరగని కవరు తెప్పించాను. అమ్మ చేత ఉప్పు తగ్గించాను, దానికి ఆవిడ నన్ను ఎంత తిట్టిందో. హైదరాబాదు వాళ్ళ కోసం ఇవేవీ చెయ్యలేదు, వాళ్ళు ఎలాగూ కొంటున్నారు. నువ్వు కొననందుకే ఇదంతా బాగుపడింది.

అందుకని ఆ ఒట్టు నాకొద్దు. వెనక్కి తీసుకో. రోజూ రెండింటికి చూడు. బాగోలేనిది కనిపిస్తే తిట్టు, నాకంటే బాగా నీకే కనిపిస్తుంది. ఆ నల్ల కిటికీ మాత్రం మూసెయ్యి. మామూలుగా చూడు. నెలాఖరున సురేష్‌బాబు లెక్క చదివేటప్పుడు జంగారెడ్డిగూడెం నుంచి ఒక్కరు అనాలి. ఆ ఒక్కరూ ఎవరో నాకు తెలుస్తుంది.

ఈ పొట్లంలో నెత్తళ్ళు పెట్టాను. ఉప్పు చూసి రాయి.

రత్నం